నీరు లేని నెలల్లోనూ అది చెరువే

మా కాలనీ సంఘం సమావేశాలు సాధారణంగా పార్కింగు తగాదాలతోనూ మంచినీటి ట్యాంకర్ల లెక్కలతోనూ గడిచిపోతుంటాయి. ఈసారి మాత్రం పక్కనున్న చెరువు సర్వే తప్ప ఇంకో మాట రాలేదు. చెరువు పూర్తిగా నిండితే నీరు ఎంతమేర పరుచుకుంటుందో చూపే ఎఫ్‌టీఎల్ గీత, అంటే లోపల ఇళ్ళు ఉండకూడని హద్దు, మళ్ళీ గీస్తారన్న మాట పొక్కినప్పటినుంచి మా వైపు చాలామందికి నిద్ర లేదు. వాదన ముదిరాక, ఇంజనీరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన లేచి, గొంతు పెంచకుండానే ఒక ప్రశ్న వేశారు: "ఏడాదిలో సగంపైన పిల్లలు క్రికెట్ ఆడుకునే నేలను చెరువని ఏ లెక్కన అంటారండీ?" హాలంతా చప్పట్లు మోగాయి. నేనూ ఆ కాలనీలో ఫ్లాటున్నవాణ్ణే కనుక, చప్పట్లు కొట్టడమే నాకూ లాభం. కానీ ఆ ప్రశ్నకు జవాబు ఉందనీ, అది మన దేశానికి చాలా దూరంగా ఉన్న ఒక నదీ పరీవాహక ప్రాంతంలో మూడు వందల ఏళ్ళకు పైగా చర్చకు నలుగుతూనే ఉందనీ ఈమధ్య చదివిన చదువు వల్ల తెలిసింది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఎండడం చెరువు స్వభావంలో భాగం. ఎండింది కనుక అది చెరువు కాదనేవారూ, చెరువు కనుక పన్నెండు నెలలూ నిండుగా కనిపించి తీరాలనేవారూ పైకి విరోధుల్లా ఉన్నా, ఇద్దరూ నీటిని కదలని సరుకుగానే లెక్కగడుతున్నారు. హైదరాబాదు చెరువులకు మొదటివారు ఎంత చేటు చేశారో రెండోవారూ ఇంచుమించు అంతే చేస్తున్నారని నా అనుమానం.

ఏడు పేర్ల నది

స్లొవేనియా రాజధాని ల్యుబ్ల్యానా నడిబొడ్డునుంచి పారే నది పేరు ల్యుబ్ల్యానిత్సా. దానికి ఏడు పేర్లున్నాయని అక్కడివారు చెప్పుకుంటారు. ఎగువన త్రబుహోవిత్సాగా మొదలై, ఓబ్రహ్, స్త్రజెన్, రాక్, పివ్కా, ఊనిత్సా అన్న పేర్లతో కనిపించి, చివరికి వర్హ్నికా ఊరి దగ్గర అనేక ఊటలుగా పైకుబికి ల్యుబ్ల్యానిత్సా అవుతుంది. ఒకే నీటికి ఇన్ని పేర్లు రావడానికి కారణం, అది మధ్యమధ్యలో భూమిలోకి దిగిపోయి, కొన్ని మైళ్ళ అవతల మళ్ళీ బయటపడుతుండటమే. మునిగిన చోట ఒక ఊరివారు ఒక పేరు పెట్టుకుంటే, తేలిన చోట ఇంకో ఊరివారు ఇంకో పేరు పెట్టుకున్నారు. రాక్, పివ్కా అనే రెండు పాయలైతే ప్లానినా గుహ లోపల చీకట్లోనే కలుస్తాయి. ఐరోపాలో భూగర్భంలో జరిగే పెద్ద నదీ సంగమాల్లో అదొకటి.

ఇదంతా సున్నపురాతి నేల మహిమ. అలాంటి నేలను భూగోళ శాస్త్రంలో కార్‌స్ట్ అంటారు. ఆ పేరు కూడా స్లొవేనియా, ఇటలీ సరిహద్దులోని క్రాస్ పీఠభూమి నుంచి వచ్చిందే. హైదరాబాదు ఇళ్ళలో తాండూరు బండలో షాబాదు బండలో పరిచిన నేలమీద నిమ్మరసం ఒలికితే ఏమవుతుందో మనకు తెలుసు. తుడిచినా ఆ చోట నునుపు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. ఆ బండలూ సున్నపురాళ్ళే. వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు బొగ్గుపులుసు వాయువును కలుపుకుని నిమ్మరసానికి దూరపు చుట్టంలాంటి పలచని ఆమ్లంగా మారి, రాతి పగుళ్ళను లక్షల ఏళ్ళపాటు కొద్దికొద్దిగా తినేస్తుంది. పగులు సందవుతుంది, సందు సొరంగమవుతుంది, చివరికి నదే అందులోకి దిగిపోతుంది. బెలుం గుహల్లో పాతాళగంగ దాకా నడిచి, అక్కడి నీటిపాయ బండల కిందికి జారి మాయమవడం చూసినవారికి ఇంతకు మించి వివరణ అక్కర్లేదు.

ఈ పరీవాహక ప్రాంతంలో నన్ను పట్టి నిలబెట్టింది చెర్క్‌నిత్సా సరస్సు. సముద్రమట్టానికి దాదాపు 550 మీటర్ల ఎత్తున, చుట్టూ కొండలున్న ఒక బల్లపరుపు పళ్ళెంలాంటి లోయలో అది ఏర్పడుతుంది. నిండినప్పుడు సుమారు 26 చదరపు కిలోమీటర్లు పరుచుకుని, ఆ దేశంలోకెల్లా పెద్ద సరస్సు అనిపించుకుంటుంది. ఎండినప్పుడు అక్కడ పచ్చికబయళ్ళు, వాటి మధ్య మెలికలు తిరిగే ఒక వాగు తప్ప ఏమీ ఉండవు. పెద్ద వానలు పడితే కొద్దిరోజుల్లోనే నిండుతుంది. పైనుంచి రాక తగ్గితే అడుగున ఉన్న బిలాలలోంచి నీరు దిగిపోయి వారాల్లో ఖాళీ అవుతుంది. ఆ బిలాల్లో ఒకదాన్ని అక్కడివారు జల్లెడ అన్న అర్థమిచ్చే మాటతో పిలుస్తారు. వాయవ్యపు అంచున ఉన్న కార్లోవిత్సా గుహల్లోకి పోయిన నీరు రాక్ నదిగా తేలుతుంది; అడుగున ఉన్న బిలాల్లోకి దిగిన నీటిలో కొంత నేరుగా ల్యుబ్ల్యానిత్సా ఊటలకే చేరుతుంది. 1970ల మొదటి భాగంలో శాస్త్రజ్ఞులు రంగులూ ఇతర గుర్తులూ నీటిలో కలిపి, అవి ఎక్కడ తేలతాయో కాచుకుని కూర్చుని ఇలాంటి దారులను పట్టుకున్నారు.

అంతకు చాలా ముందే, 1687లో, యానెజ్ వాయ్‌కార్డ్ వల్వసోర్ అనే ఆ ప్రాంతపు పండితుణ్ణి లండన్ రాయల్ సొసైటీ తన సభ్యునిగా ఎన్నుకుంది. ఈ సరస్సు నిండటం, ఎండటం గురించి ఆయన పంపిన వివరణే అందుకు ముఖ్య కారణం. కొండ కింద మరో సరస్సు ఉందనీ, సైఫన్లలాంటి సొరంగాలు రెంటినీ కలుపుతున్నాయనీ ఆయన ఊహించాడు. ఆ ఊహ నిలవలేదు. నిలిచింది ఆయన చూపు. ఒకే చోట ఒక కాలంలో చేపలు పడతారు, ఇంకో కాలంలో గడ్డి కోస్తారు, మరో కాలంలో వేటాడతారు అని రాసినవాడికి, దాన్ని సరస్సు అనాలా నేల అనాలా అన్న సందేహమే రాలేదు. ఆ ఊళ్ళ ఇళ్ళు లోయ అంచున, కాస్త ఎత్తున ఉంటాయి. గడ్డి మోపుకోసం లోపలికి దిగుతారు. ఇల్లు మాత్రం లోపల కట్టరు.

మనది గ్రానైటు కదా

ఈ పోలిక చెప్పినప్పుడు ఒక మిత్రుడు వెంటనే తప్పుబట్టాడు. అక్కడిది ప్రకృతి చేసిన సరస్సు, నీరు దిగిపోవడానికి నేలలోనే దారులున్నాయి. మనది గ్రానైటు నేల, మన చెరువులు మనుషులు కట్ట వేసి చేసినవి. కట్టను పట్టించుకోవడం మానేస్తే అది చెరువు కావడం మానేస్తుంది. కనుక రెంటికీ పొంతన లేదన్నాడు. ఇది తేలిగ్గా తోసిపుచ్చే అభ్యంతరం కాదు. మన చెరువు ఎండేది ఎండకు ఆవిరై, పొలాలకు తూము వదిలి, పూడికతో అడుగు పైకి తేలి. దాన్ని కార్‌స్ట్ సరస్సుతో సమానం చేస్తే భూగర్భ శాస్త్రం ఒప్పదు.

అయితే కట్ట మనిషిది గానీ, వాలు మనిషిది కాదు. కట్ట వేసినవాడు నీరు సహజంగా చేరే చోటు చూసుకుని దానికి అడ్డం వేశాడు, అంతే. కట్టను మరిచిపోయినా, వాలు మరిచిపోదు. 2020 అక్టోబరు వానల్లో ఇది హైదరాబాదులో వీధి వీధికీ తెలిసింది. షా హాతిం తలాబ్ పక్కనున్న నదీం కాలనీలో జనాన్ని పడవల మీద తరలించాల్సి వచ్చింది. బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ ఇళ్ళలోకి నీరు దూకింది. అంబర్‌పేట బతుకమ్మ కుంట సంగతి అందరూ చూసినదే. పూడ్చిన మట్టి, తుమ్మచెట్లు తప్ప ఏమీ కనిపించని ఆ చోట 2025లో పూడిక తీయడం మొదలుపెట్టిన కొద్దికే నీళ్ళు ఊరాయి. అక్కడ చెరువు ఎప్పుడో పోయిందన్నవారు ఎందరో ఉండేవారు.

భూగర్భపు దారుల విషయంలో కూడా మనం అంత దూరంగా లేము. ల్యుబ్ల్యానిత్సా నీరు కంటికి కనపడకుండా పోయేది సున్నపురాయి కరగడం వల్ల. మన గొలుసుకట్టు చెరువుల మధ్య నీరు కనపడకుండా పోయేది మనం నాలాల మీద స్లాబులు వేసి, వాటిమీద దుకాణాలు కట్టడం వల్ల. పైచెరువు నిండి మత్తడి, అంటే అలుగు, దుంకితే ఆ నీరు ఏ కిందిచెరువుకు పోతుందని మా కాలనీలో అడిగితే చెప్పగలిగినవారు వేళ్ళమీద లెక్కకు కూడా రారు. అక్కడి శాస్త్రజ్ఞులు రంగు కలిపి తెలుసుకున్న సంగతి ఇక్కడ ఊరి నీరటికి కంఠస్థంగా ఉండేది. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మత్తడి నీరు ఏ వాగులో పడుతుందో చెప్పే ఆ మనిషి పదవి పోయాక, ఆ జ్ఞానాన్ని ఏ దఫ్తరులోనూ దాచుకోలేదు.

నిండుగా కనిపించాలనే మోజు

ఇక రెండో పక్షం. వీరు చెరువును ప్రేమించేవారే కనుక వీరిని విమర్శించడం కష్టం. చెరువంటే వీరి దృష్టిలో చుట్టూ నడకదారి, దీపాలు, మధ్యలో ఎప్పుడూ మెరిసే నీరు. ఆ మెరుపు ఏప్రిల్ నెలలో ఎక్కడనుంచి వస్తుందని అడగరు. హైదరాబాదులో ఎన్నో చెరువులు ఇప్పుడు ఎండవు. అది క్షేమానికి గుర్తు కాదు. ఇళ్ళ మురుగు రోజూ వచ్చి పడుతుండటమే కారణం. ఎండాకాలం అడుగు ఆరి, బీటలు వారి, బురదకు గాలి తగిలి, గడ్డి మొలిచి, దాన్ని పశువులు మేసి, మళ్ళీ వానకు మునిగే చక్రం తెగిపోయింది. దాని స్థానంలో గుర్రపుడెక్క వచ్చింది. పైగా, ముందే నిండి ఉన్న చెరువులో వానాకాలపు వరదకు చోటుండదు. వరద ఆపుతుందని మనం లెక్కపెట్టుకున్న గిన్నెను మురుగుతో ముందే నింపి పెట్టుకుంటున్నాం.

నడకదారి కోసం చెరువు లోపల చుట్టూ పోసే మట్టికట్ట చేటు మరింత సూక్ష్మమైనది. చెరువుకు ప్రాణం లోతులో కన్నా అంచులోనే ఎక్కువ. మోకాలి లోతు, చీలమండ లోతు, తడి మట్టి, పొడి గడ్డి అంటూ మెల్లగా మారే ఆ వాలులోనే కొంగలు నిలబడతాయి, చేపపిల్లలు దాక్కుంటాయి. లోపలికి జరిపి కట్ట పోస్తే ఆ వాలు మొత్తం కట్ట అవతల, అంటే రేపటి ప్లాట్లలో, పడుతుంది. సుందరీకరణ శిలాఫలకం మీద ఆ సంగతి ఉండదు.

చెర్క్‌నిత్సాలో కూడా ఈ రెండు పిచ్చులూ వంతులవారీగా నడిచాయి. మొదట వరద తగ్గి ఎక్కువ గడ్డి దక్కాలని బిలాల ముఖాలు వెడల్పు చేశారు, మెలికల వాగులను నిటారు కాలువలుగా తవ్వారు. అది చాలదన్నట్టు, 1968, 69 సంవత్సరాల్లో దానికి పూర్తిగా ఎదురు ఆలోచన వచ్చింది. సరస్సు ఎప్పుడూ నిండుగా ఉంటే పర్యాటకులు వస్తారన్న ఆశతో కార్లోవిత్సా గుహల ద్వారాలను కాంక్రీటు గోడలతో మూశారు. కాని అడుగున జల్లెడలా ఉన్న నేల ఆ గోడలను లెక్కచేయలేదు. ఎండాకాలం నీరు తనకు తెలిసిన మిగతా దారుల్లో దిగిపోయింది. శాశ్వత సరస్సు రాలేదు. ఇప్పుడు ఆ ప్రదేశం నోత్రాన్స్‌కా ప్రాంతీయ పార్కులో భాగం, 2006 నుంచి రామ్సార్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందిన చిత్తడి నేల. నిటారు చేసిన కొన్ని వాగులకు మళ్ళీ మెలికలు తిప్పుతున్నారు. ఎండిన పచ్చికలో గూడు కట్టే కార్న్‌క్రేక్ అనే పక్షి కోసం గడ్డికోత ఆలస్యం చేయిస్తున్నారు. అంటే నీటికే కాదు, నీరు లేని కాలానికి కూడా అక్కడ రక్షణ ఉంది. ఎండిన సరస్సును కాపాడటం ఒక ప్రభుత్వ కార్యక్రమం కాగలదన్న విషయం నాకు కొత్తగా తోచింది.

వారిని మరీ ఆకాశానికెత్తనక్కర్లేదు. అదే నది దిగువన ల్యుబ్ల్యానా చిత్తడి నేల ఉంది, సుమారు 160 చదరపు కిలోమీటర్లు. అయిదువేల ఏళ్ళ కిందట అక్కడి మనుషులు నీటి అంచున దుంగలు పాతి, వాటిమీద ఇళ్ళు కట్టుకుని బతికారు. 2002లో అక్కడి పీట్ మట్టిలో, అంటే సగం కుళ్ళిన మొక్కలు పేరుకుని ఏర్పడిన నేలలో, దొరికిన కొయ్య చక్రం ప్రపంచంలో ఇప్పటిదాకా దొరికిన అతి పాతవాటిలో ఒకటి. పద్దెనిమిదో శతాబ్దంలో గ్రూబర్ కాలువ తవ్వి ఆ నేలను ఆరబెట్టడం మొదలుపెట్టారు. తరువాత పీట్ తవ్వుకున్నారు, నేల కుంగింది, నగరం అటు జరిగింది. 2010 సెప్టెంబరులో నగరపు నైరుతి భాగం నీట మునిగింది. ఎగువన ఎండే సరస్సును గౌరవించిన దేశమే దిగువన తడి నేలను పొలంగా, ఆపైన ఇళ్ళ స్థలంగా చూసింది. కాబట్టి ఇది ఒక జాతి తెలివి, ఇంకో జాతి తెలివితక్కువ అన్న కథ కాదు. నేల ధర పెరిగిన చోట అందరి బుద్ధీ ఒకటే.

శిఖం

ఎండే చెరువును గుర్తించే పద్ధతి మన దగ్గర లేకపోలేదు. దాని పేరు శిఖం. చెరువు నిండితే మునిగే భూమి, నీరు వెనక్కి తగ్గితే సాగు చేసుకోగలిగే భూమి. పట్టా ఉన్నా సరే, నీరు ఉన్నంతకాలం అది నీటిదే. నేల ఎత్తు పెంచడానికి, కట్టడం లేపడానికి వీల్లేదు. చెర్క్‌నిత్సా గడ్డికోతకూ మన శిఖం సాగుకూ వరసలో తేడా ఏమీ లేదు.

మా చెరువు కట్టమీద సాయంత్రాలు కూర్చునే ఒక ముసలావిడ ఉంది. ఒకప్పుడు వాళ్ళ కుటుంబానికి ఆ శిఖంలో కొంత భూమి ఉండేదట. ఏం పండించేవారని అడిగితే, "దోసకాయలు, పుచ్చకాయలు, కొన్ని పెసళ్ళు. నీళ్ళు ఎన్కకు వోయినకొద్ది మేం ముందట్కి వోయేటోళ్ళం బిడ్డా. వానలు వడంగనే మళ్ళ కట్టకెక్కేటోళ్ళం" అంది. మరి అమ్మేటప్పుడు కొన్నవాళ్ళకు ఈ సంగతి చెప్పలేదా పెద్దమ్మా అని అడిగాను. ఆవిడ నావైపు కాక మా అపార్టుమెంటు వైపు చూస్తూ, "కాయితం మీదనే శిఖం అని రాసి ఉండె. సదువుకున్నోళ్ళే కొన్నరు గద" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

నా వాదనలో నేనే సమాధానపడలేని చోటు ఇదే. ఆ కుటుంబం అమ్మింది పెళ్ళి ఖర్చుకు, ఆస్పత్రి ఖర్చుకు. ఎకరం శిఖంలో దోసకాయలు పండించి నగరంలో బతకమని ఆవిడ మనవడికి ఎవరు చెప్పగలరు? స్లొవేనియాలో గడ్డి ఆలస్యంగా కోసే రైతుకు ఆ నష్టం పూడ్చే చెల్లింపు ఉంటుంది. ఇక్కడ శిఖం పట్టాదారుకు కట్టవద్దన్న నిషేధం తప్ప, కట్టనందుకు దక్కేదేమీ లేదు. ఆ తరువాత మధ్యవర్తి, వెంచరు, ఏదో ఒక దఫ్తరునుంచి అనుమతి, బ్యాంకు రుణం, చివర మాలాంటివాళ్ళం. కూల్చివేత యంత్రం వచ్చేసరికి ఈ వరసలో చివరివాడే కనిపిస్తాడు. ముందున్నవారు లాభం తీసుకుని ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటారు. చివరివాడిని నేనే కావచ్చు కనుక ఈ మాట నా నోట అంత నిష్పక్షపాతంగా వినిపించకపోవచ్చు. అయినా ఆ అన్యాయం వల్ల శిఖం శిఖం కాకుండా పోదు. పరిహారం ఎవరు చెల్లించాలన్న ప్రశ్న వేరు, వాన నీరు ఎక్కడ నిలుస్తుందన్న ప్రశ్న వేరు. మా సమావేశంలో మొదటి ప్రశ్నకు భయపడి రెండోదాన్ని కొట్టిపారేశారు.

ఎఫ్‌టీఎల్ గీతను నేను వద్దనడం లేదు. గీత లేకపోతే ఇప్పటికి కుంటలన్నీ లేఔట్లయ్యేవి. కాని ఆ గీత పుట్టేది మత్తడి ఎత్తునుంచి. మత్తడి రాయి పైఅంచుకు నీరు తాకినప్పుడు చెరువు ఎంతమేర పరుచుకుంటుందో అదే ఎఫ్‌టీఎల్. పెద్ద వానలో నీరు మత్తడి మీదుగా దూకుతున్నంతసేపు ఆ గీతను కూడా దాటే ఉంటుంది. గీత బయట కట్టడాలు లేకుండా వదిలే పట్టీకి, అంటే బఫర్ జోన్‌కు, అవసరం అక్కడ వస్తుంది. ఇరవైఅయిదు ఎకరాలు దాటిన చెరువుకు ముప్పై మీటర్లు, చిన్నవాటికి తొమ్మిది మీటర్లు అన్న నిబంధనను దయాధర్మంలా చూసేవారు ఈ సంగతి గమనించాలి. ఇంకో చిక్కు ఉంది. మత్తడి ఎత్తు తగ్గిస్తే గీత దానంతటదే లోపలికి జరుగుతుంది. మా చెరువు మత్తడి దగ్గరికి వెళ్ళి చూస్తే, పాత గ్రానైటు రాళ్ళ వరస మధ్యలో జానెడు లోతున ఒక గండి కనిపించింది. పక్క రాళ్ళు పాచిపట్టి నల్లగా ఉంటే, గండి అంచులు మాత్రం తెల్లగా, పదునుగా, ఉలి గాట్లతో ఉన్నాయి. వరదకు విరిగిన రాయి అలా ఉండదు. ఎగువన ఎన్ని ప్లాట్లు ఆ జానెడుతో గీత బయట పడ్డాయో లెక్కగట్టడం కష్టమేమీ కాదు.

కనుక సర్వేకు వచ్చేవారిని మా సంఘం అడగవలసింది గీత ఎక్కడ గీస్తారని కాదు. ఆ గండిని పూడ్చి, పాత రాయి ఎత్తును సముద్రమట్టం లెక్కలో కొలిచి, ఆ అంకెను మత్తడి మీదే చెక్కించమని అడగాలి. వానాకాలం నీటి అంచునూ ఎండాకాలం నీటి అంచునూ రెంటినీ పటంలో చూపమని, ఆ రెంటి మధ్య నేలలో గడ్డికీ కూరగాయలకూ పశువులకూ కాలానుగుణంగా అనుమతి ఇవ్వమని, పట్టాదారులకు ఏటా ఏదో ఒక చెల్లింపు ఏర్పాటు చేయమని అడగాలి. పిల్లల క్రికెట్‌కు కూడా అందులో చోటుంటుంది, మృగశిర కార్తె దాకా. వచ్చే సమావేశంలో ఈ తీర్మానం పెడదామనుకుంటున్నాను. బలపరిచేవారు ఇప్పటికి ఒక్కరే దొరికారు. ఆయన ఇల్లు కింది అంతస్తులో ఉంది, 2020లో ఫ్రిజ్జు నీటిలో తేలింది.